పగిలిన టీకప్పు వెనక

ఎమ్మే ఇంగ్లీషు చదివిన వాళ్ళని ఎవరినైనా అమెరికన్ వాస్తవికవాదం గురించి అడిగి చూడండి. విలియం డీన్ హొవెల్స్, హెన్రీ జేమ్స్, మార్క్ ట్వేన్ అని మూడు పేర్లు వరసగా చెప్తారు. సహజవాదం అంటే స్టీఫెన్ క్రేన్, ఫ్రాంక్ నోరిస్, థియోడోర్ డ్రైజర్, జాక్ లండన్ అని మరో నాలుగు పేర్లు. 1865లో అంతర్యుద్ధం ముగిశాక మొదటిది, 1890లలో రెండోది. ఏడుగురూ మగవాళ్ళే. 1964లో ఉస్మానియా ప్రాంగణంలో అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ మొదలయ్యాక మన విశ్వవిద్యాలయాల్లో అమెరికన్ సాహిత్యం ఒక పేపర్‌గా బాగా స్థిరపడింది. దాంతో పాటు ఈ వరసా స్థిరపడింది. ఈ పాఠం చెప్పడం చాలా ఏళ్ళుగా నా ఉద్యోగంలో భాగం.

ఆ పాఠంలో స్త్రీలు అసలు లేరని కాదు. రెండు చోట్ల ఉన్నారు. మొదటిది, ‘స్థానిక వర్ణన’ అనే చిన్న శీర్షిక కింద. మేరీ విల్కిన్స్ ఫ్రీమన్, సారా ఆర్న్ జ్యూయెట్, కేట్ చోపిన్ అక్కడ ఉంటారు. వాళ్ళు రాసింది జీవితం గురించి కాదు, ఏదో ఒక మూల ప్రాంతం గురించి అన్నట్టు. రెండోది, మగవాళ్ళ నవలల లోపల. అక్కడ స్త్రీలు చాలామందే ఉన్నారు. ఎక్కువమంది నవల ముగిసేలోపు చనిపోతారు. ఈ రెండు చోట్లకీ ఉన్న సంబంధం గురించే నేను మాట్లాడదలుచుకున్నాను.

ముందుగా ఈ రెండు మాటలకి అర్థం చెప్పుకుందాం. మనుషులు నిజంగా ఎలా బతుకుతారో, ఎలా మాట్లాడతారో అలా రాయమన్నది వాస్తవికవాదం. గొప్ప వీరులూ విచిత్ర సంఘటనలూ అక్కర్లేదు, పక్కింటి మనిషి చాలు అంటుంది. హొవెల్స్ 1871 నుంచి పదేళ్ళు ‘అట్లాంటిక్ మంత్లీ’ సంపాదకుడుగా, ఆ తర్వాత ‘హార్పర్స్’ శీర్షికా రచయితగా ఈ వాదాన్ని నిలబెట్టాడు. సహజవాదం ఇంకో అడుగు ముందుకేసింది. ఫ్రాన్సులో ఎమీల్ జోలా 1880లో, నవలాకారుడు ప్రయోగశాలలో శాస్త్రవేత్తలాంటి వాడన్నాడు. మనిషిని నడిపించేది అతని ఇష్టం కాదు, వంశం నుంచి వచ్చిన రక్తమూ చుట్టూ ఉన్న పరిసరాలూ అని దీని సారాంశం. డార్విన్, హెర్బర్ట్ స్పెన్సర్‌ల ఆలోచనలు దీనికి వెన్నుదన్ను.

ఇక జాబితాలో లేని ఆవిడ దగ్గరికి వస్తాను. 1861 ఏప్రిల్ ‘అట్లాంటిక్ మంత్లీ’లో ‘లైఫ్ ఇన్ ది ఐరన్ మిల్స్’ అనే పెద్ద కథ రచయిత పేరు లేకుండా అచ్చయింది. అంతర్యుద్ధం మొదలైందీ ఆ నెలలోనే. హొవెల్స్ అప్పటికింకా నవలాకారుడు కాలేదు. జోలా మొదటి పుస్తకం రాలేదు. రాసినావిడ రెబెకా హార్డింగ్ డేవిస్. అప్పటికి పెళ్ళి కాలేదు కనక రెబెకా హార్డింగ్ అనాలి. ఇరవై తొమ్మిదేళ్ళ వయసు. ఊరు వీలింగ్, ఒహాయో నది ఒడ్డున ఇనుప ఫ్యాక్టరీల పట్నం.

కథలో హ్యూ వుల్ఫ్ అనే వెల్ష్ కార్మికుడు కొలిమి దగ్గర పనిచేస్తాడు. ఇనుము కరిగించాక మిగిలే పనికిరాని చిట్టెంతో రాత్రిళ్ళు బొమ్మలు చెక్కుతాడు. ఒక రాత్రి మిల్లు చూడ్డానికి వచ్చిన పెద్దమనుషులకి అతను చెక్కిన స్త్రీ బొమ్మ కనిపిస్తుంది. బట్టల్లేని, కండలు తేలిన, చేతులు చాచిన శ్రామిక స్త్రీ. ఈమెకేం కావాలని వాళ్ళు అడుగుతారు. ఆకలిగా ఉంది అంటాడు హ్యూ. తిండి కోసం కాదు, బతకడానికి కావల్సిన ఇంకేదో దాని కోసం. పెద్దమనుషుల్లో ఒకాయన డాక్టరు, ఇంకొకాయన మిల్లు యజమాని కొడుకు. అందరూ చర్చిస్తారు, జాలిపడతారు, వెళ్ళిపోతారు.

ఈ కథని విమర్శకులు హ్యూ కథగా చదువుతారు. నాకు ఎప్పుడూ డెబొరా ముందు కనిపిస్తుంది. గూని మనిషి. నూలు మిల్లులో పన్నెండు గంటలు నిలబడి పనిచేసి, ఇంటికొచ్చి, తాను సరిగ్గా తినకుండా వానలో తడుస్తూ హ్యూకి అన్నం మోసుకొస్తుంది. తనని అతను ప్రేమించడని తెలుసు. అతని కోసం ఒక పెద్దమనిషి జేబులోంచి డబ్బు తీసేదీ ఆమే. శిక్ష మాత్రం అతనికి పంతొమ్మిదేళ్ళు. జైల్లో అతను తన ప్రాణం తానే తీసుకుంటాడు. డెబొరా మూడేళ్ళు జైల్లో ఉండి బయటికొస్తుంది, క్వేకర్ల మధ్య బతుకుతుంది. ఆ చిట్టెం బొమ్మ మాత్రం కథ చెప్పేవాళ్ళ గదిలో ఒక తెర వెనక ఉండిపోతుంది. సహజవాదం అని మనం ముప్ఫై ఏళ్ళ తర్వాత పేరు పెట్టుకున్నదంతా, ఫ్యాక్టరీ, పొగ, సారా, జైలు, తప్పించుకోలేని బతుకు, ఇందులో ఉంది. తేడా ఒకటే. ఇందులో హ్యూని చంపింది రక్తం కాదు. జాలిపడి వెళ్ళిపోయిన వాళ్ళెవరో కథలో స్పష్టంగా కనిపిస్తారు.

రెబెకా తర్వాత యాభై ఏళ్ళపాటు రాస్తూనే ఉంది. 1910లో చనిపోయేనాటికి మాత్రం ప్రసిద్ధ పాత్రికేయుడు రిచర్డ్ హార్డింగ్ డేవిస్ తల్లిగానే లోకానికి తెలుసు. ఆమెని వెతికి తెచ్చింది మరో శ్రామిక స్త్రీ. టిల్లీ ఓల్సెన్ పదిహేనేళ్ళప్పుడు ఒమాహాలో పాత సామాన్ల కొట్టులో ‘అట్లాంటిక్’ పాత సంపుటాలు కొన్నది. ఒక్కోటి పది సెంట్లు. పేరు లేని ఆ కథ అందులో చదివింది. అది రాసిందెవరో ఆమెకి తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. నలుగురు పిల్లల్ని పెంచుతూ, కూలి పనులు చేస్తూ రాయలేకపోయిన కాలమంతా ఆ కథ ఆమెతోనే ఉంది. 1972లో ఓల్సెన్ రాసిన సుదీర్ఘ వ్యాసంతో కలిపి ‘ఫెమినిస్ట్ ప్రెస్’ దాన్ని పుస్తకంగా వేసింది.

ఈ ఫెమినిస్ట్ ప్రెస్ మనకి కొత్త కాదు. సూసీ తారు, కె. లలిత హైదరాబాదులో కూర్చుని సంకలనం చేసిన ‘విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా’ రెండు సంపుటాల్నీ 1991లో, 1993లో న్యూయార్కులో ప్రచురించింది ఆ సంస్థే. వీలింగ్ ఊరి రెబెకా, మన ముద్దుపళని ఒకే ప్రచురణకర్త చేతిమీదుగా మళ్ళీ వెలుగులోకి రావడం నాకు కాకతాళీయం అనిపించదు. పోగొట్టిన తీరు ఒకటే కనక వెతికిన తీరూ ఒకటే అయింది.

ఇప్పుడు రెండో చోటుకి, మగవాళ్ళ నవలల లోపలికి వెళ్దాం. 1893లో ఇరవై ఒక్కేళ్ళ స్టీఫెన్ క్రేన్ ‘మ్యాగీ, ఎ గర్ల్ ఆఫ్ ది స్ట్రీట్స్’ని వేరే పేరుతో సొంత డబ్బు పెట్టి అచ్చేసుకున్నాడు. న్యూయార్కు బవరీ మురికివాడ పిల్ల మ్యాగీ. కాలర్లూ కఫ్‌లూ కుట్టే ఫ్యాక్టరీలో పని. ఒక బార్ ఉద్యోగిని నమ్ముతుంది, అతను వదిలేస్తాడు, తాగుబోతు తల్లి తలుపేసేస్తుంది. చివరికి నది ఒడ్డు చీకట్లో ఆమె కథ ముగుస్తుంది. తల్లీ అన్నా నీతులు చెప్పే తీరులోని కపటాన్ని క్రేన్ బాగా పట్టుకున్నాడు. మ్యాగీ మనసులో ఏముందో మాత్రం దాదాపు చెప్పడు. ఆమె మురికిగుంటలో పూసిన పువ్వు, అంతే. పువ్వుకి ఆలోచనలుండవు కదా!

నాకు ఇంతకన్నా బాధ కలిగించే ఉదాహరణ ఫ్రాంక్ నోరిస్ ‘మెక్‌టీగ్’. 1899లో వచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో పోల్క్ స్ట్రీట్‌లో పళ్ళ డాక్టరు మెక్‌టీగ్, అతని భార్య ట్రైనా. ట్రైనాకి లాటరీలో అయిదువేల డాలర్లొస్తాయి. అప్పట్నుంచీ ఆమెకి బంగారం పిచ్చి పట్టుకుంటుంది. నాణేలు పక్కమీద పరుచుకుని పడుకుంటుంది. అతని ఉద్యోగం పోతుంది, తాగుతాడు, డబ్బుకోసం ఆమె వేళ్ళు కొరుకుతాడు. ఆ వేళ్ళు తీసేయాల్సొస్తుంది. ఆమె ఒక చిన్నపిల్లల బడిలో నేల తుడిచే పనికి కుదురుతుంది. అక్కడికే వచ్చి అతను ఆమెని చంపేస్తాడు. ఎందుకలా అయ్యాడంటే, తండ్రి తాతల నుంచి వచ్చిన చెడు రక్తం అంటాడు నోరిస్.

దీని వెనక నిజంగా జరిగిన హత్య ఒకటుంది. 1893లో శాన్‌ఫ్రాన్సిస్కోలో సారా కాలిన్స్ అనే స్త్రీ చిన్నపిల్లల బడిలో శుభ్రం చేసే పని చేసేది. భర్త తాగుబోతు. తన సంపాదన అతనికి ఇవ్వనన్నది. అతను బడికే వచ్చి కత్తితో పొడిచి చంపాడు. పత్రికలు అతన్ని పుట్టుకతోనే నేరస్థుడుగా వర్ణించాయి. నోరిస్ అప్పుడు అదే ప్రాంతంలో విద్యార్థి.

వార్తకీ నవలకీ మధ్య ఏం మారిందో చూడండి. సారా ఇవ్వనన్నది తన కూలి. నవల్లో అది లాటరీ బంగారమైంది. సారా ఇవ్వననడం బతకడం కోసం. నవల్లో అది పిసినారితనమనే జబ్బయింది. భార్య సంపాదన తనదే అనుకున్న మగవాడి అధికారం, వంశపారంపర్య లక్షణమైంది. నోరిస్ ప్రతిభావంతుడు, సందేహం లేదు. ఆ వీధీ, ఆ గదులూ, ఆ వాసనలూ ఇప్పటికీ మనల్ని వదలవు. కానీ వాస్తవం పేరుతో అతను తీసేసింది ఆ హత్యకున్న అసలు కారణాన్నే. భర్త చేతిలో చనిపోయిన స్త్రీ గురించి రాసే ప్రతిసారీ మనం ఈ ప్రశ్న వేసుకోవాలనిపిస్తుంది. కారణం రాస్తున్నామా, కారణం మీద కప్పే ముసుగు రాస్తున్నామా?

అందరినీ ఒక గాట కట్టను. డ్రైజర్ వేరు. 1900లో వచ్చిన ‘సిస్టర్ కేరీ’లో కేరీ షికాగోలో చెప్పుల ఫ్యాక్టరీలో చేరుతుంది. వారానికి నాలుగున్నర డాలర్ల జీతం. అక్క ఇంట్లో తిండికీ గదికీ నాలుగు డాలర్లు ఇచ్చుకోవాలి. మిగిలేది అర డాలరు. చలికాలానికి కోటు ఎక్కణ్ణించి వస్తుంది? ఆమె మగవాడి సాయం ఎందుకు తీసుకుందో అర్థం కావడానికి రక్తం గురించి ఉపన్యాసం అక్కర్లేదు, ఈ లెక్క చాలు. పైగా కేరీ చావదు. నటిగా పైకొస్తుంది. అప్పటి నీతిమంతులకి మింగుడు పడనిది ఇదే.

అయితే ఈ నవలకీ ఒక ఇంటి కథ ఉంది. మూలం డ్రైజర్ అక్క ఎమ్మా జీవితం. పెళ్ళయిన ఒకతను తన యజమానుల డబ్బు కాజేసి ఎమ్మాతో న్యూయార్కు వెళ్ళిపోయాడు. ఎమ్మాకి ఇద్దరు పిల్లలు. కేరీకి పిల్లలు లేరు. పిల్లలుంటే కేరీ రంగస్థలం ఎక్కగలిగేదా అనే ప్రశ్న నవల్లోకి రాదు. రాతప్రతిని దిద్దిన వాళ్ళలో డ్రైజర్ భార్య సారా ఒకరు. ప్రచురణకర్త డబుల్‌డే పుస్తకాన్ని అయిష్టంగా, ప్రచారం లేకుండా వదిలాడు, మొదట్లో అయిదు వందల లోపే అమ్ముడయ్యాయి. ప్రచురణకర్త భార్యకి అసహ్యం వేసి అడ్డుపడిందనే కథ డ్రైజరే ప్రచారంలో పెట్టాడు. దానికి గట్టి ఆధారం లేదని తర్వాతి పరిశోధకులు అన్నారు. కానీ ఎన్ని తరగతి గదుల్లో ఆ కథ చెప్పుకుని నవ్వుకున్నారో! అక్క జీవితం వస్తువైంది, భార్య శ్రమ కనపడలేదు, ఇంకొకాయన భార్య నేరస్థురాలైంది.

నోరిస్ 1901లో కాల్పనికతని సమర్థిస్తూ రాసిన వ్యాసంలో హొవెల్స్ తరహా వాస్తవికతని వెక్కిరించాడు. అది పగిలిన టీకప్పు గురించీ పొరుగింటికి వెళ్ళిరావడం గురించీ చేసే గొడవేనన్నాడు. అదే ఏడు, స్త్రీలు గొప్ప నవలలు రాయగలిగీ ఎందుకు రాయడం లేదంటూ మరో వ్యాసం రాశాడు. వాళ్ళకి తీరికుంది, చదువుంది, సున్నితత్వం ఉంది, నిజ జీవితంతో పరిచయమే లేదన్నాడు. టీకప్పు నిజ జీవితం కాదు! దాన్ని కడిగేదెవరు, పగిలితే తిట్లు పడేదెవరికి అన్నది కూడా కాదు.

ఆ టీకప్పుల ఇంట్లోంచే ఫ్రీమన్ 1890లో ‘ది రివోల్ట్ ఆఫ్ మదర్’ కథ రాసింది. సారా పెన్‌కి పెళ్ళయి నలభై ఏళ్ళు. కొత్త ఇల్లు కడతానని భర్త మాటిచ్చాడు. ఇల్లు కట్టకుండా, అదే స్థలంలో పశువులకి ఇంకో పెద్ద కొట్టం కట్టాడు. ఆమె అడిగింది, వివరించింది, బతిమాలింది. అతను నోరు విప్పలేదు. అతను ఊరెళ్ళిన రోజున పిల్లల్ని, సామాన్లని తీసుకుని ఆమె కొట్టంలోకి కాపురం మార్చేసింది. పాస్టరు వచ్చి చెప్పినా కదల్లేదు. ఈ కథ చెప్పినప్పుడు ఒకసారి మా క్లాసులో వెనక బెంచీ అమ్మాయి, ‘మా ఇంట్లో ట్రాక్టర్‌కి షెడ్డు పడ్డ ఆరేళ్ళకి మా అమ్మకి బాత్‌రూమ్ వచ్చింది మేడమ్’ అంది. ‘స్థానిక వర్ణన’ ఏ స్థానానికి చెందుతుందో ఆ రోజు క్లాసులో ఎవరూ అడగలేదు.

ఈ కథకి ఒక విషాదమైన తోక ఉంది. 1917లో ఫ్రీమన్ తనే ఆ కథని తప్పుపట్టింది. న్యూ ఇంగ్లండులో అంత ధైర్యమున్న ఆడవాళ్ళు లేరు, నిజం కానిది రాశాను అంది. వాస్తవికవాదం స్త్రీలని ఎక్కడ బిగిస్తుందో ఇక్కడ తెలుస్తుంది. ఉన్నదే రాయాలంటే, లొంగిపోయిన సారాలనే రాయాలి. ఎదురు తిరిగిన సారాని రాస్తే అది అబద్ధం. మరి వేళ్ళు తెగిన ట్రైనా నాణేల మీద దొర్లడం నిజమెలా అయింది? ఎవరి అతిశయోక్తిని శాస్త్రం అంటారు, ఎవరి అతిశయోక్తిని కల్పన అంటారు? ఫ్రీమన్ తన కథకి చేసిన అన్యాయాన్ని నేను ఒప్పుకోలేను. సారాకి కొత్త ఇల్లు లేకపోవడం ఎంత వాస్తవమో, ఇల్లు కావాలన్న ఆమె కోరికా అంతే వాస్తవం.

ఏది వాస్తవమో నిర్ణయించే అధికారం సంపాదకుల చేతిలోనూ ఉండేది. షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ ప్రసవానంతరం మానసికంగా కుంగిపోతే, 1887లో ప్రసిద్ధ వైద్యుడు వెయిర్ మిచెల్ ఇంటిపట్టున ఉండమని, రోజుకి రెండు గంటలు మించి బుద్ధికి పని పెట్టొద్దని, జన్మలో కలం ముట్టొద్దని చెప్పాడు. ఆ మందు తనని పిచ్చి అంచుదాకా తీసుకెళ్ళిందని ఆమే రాసుకుంది. ఆ అనుభవంలోంచి వచ్చిన ‘ది యెల్లో వాల్‌పేపర్’ని హొవెల్స్ ‘అట్లాంటిక్’కి సిఫార్సు చేశాడు. సంపాదకుడు స్కడర్ తిప్పి పంపాడు. తను పడ్డ బాధ పాఠకుల్నీ పెట్టలేనన్నాడు. 1892 జనవరిలో అది ‘న్యూ ఇంగ్లండ్ మ్యాగజైన్’లో వచ్చింది. 1973లో ఫెమినిస్ట్ ప్రెస్ మళ్ళీ వేసేదాకా చాలామంది దాన్ని దెయ్యం కథగానే చదివారు. అక్కడ పరిసరాల ప్రభావం ఉంది, మనిషి పతనం ఉంది, సహజవాదం కోరే దినుసులన్నీ ఉన్నాయి. పరిసరం మురికివాడ కాకుండా పడకగది కావడం, కారణం రక్తం కాకుండా ప్రేమగల భర్త రాసిన మందుచీటీ కావడం వల్ల ఆ పేరు దానికి దక్కలేదు.

ఇదే గిల్మన్ జాతుల హెచ్చుతగ్గుల్ని నమ్మిందన్నదీ మరుగుపరచకూడదు. ఆమె విముక్తి కోరిన స్త్రీ తెల్ల స్త్రీ. ఆ ఇళ్ళల్లో పనిచేసే నల్ల స్త్రీ కథ రావడానికి ఆన్ పెట్రీ రావాలి. 1946లో ఆమె ‘ది స్ట్రీట్’ ప్రచురితమైంది. పది లక్షల ప్రతులకి పైగా అమ్ముడైన మొదటి ఆఫ్రికన్ అమెరికన్ రచయిత్రి నవల అది. లూటీ జాన్సన్ తెల్లవాళ్ళింట్లో ఉండి పనిచేస్తుంది. వాళ్ళ పిల్లవాణ్ణి పెంచుతుంది. ఈలోపు తన కాపురం కూలిపోతుంది. కొడుకుతో హార్లెమ్‌లో 116వ వీధిలో చీకటి ఇంట్లో అద్దెకి దిగుతుంది. కష్టపడితే పైకొస్తామని నమ్ముతుంది. ఆ ఇల్లు, ఆమె పాడాలనుకున్న బార్, రెండిటికీ యజమాని ఒక తెల్లవాడే. ఆమె శరీరమే కిరాయి. చివరికి తన మీదికొచ్చిన మనిషిని చంపి, కొడుకుని వదిలి, షికాగోకి టికెట్ కొని రైలెక్కుతుంది. యాభై ఏళ్ళ ముందు కేరీ ఆశతో రైలెక్కి దిగిన ఊరు అదే.

పెట్రీని సహజవాది అంటారు, రిచర్డ్ రైట్ ‘నేటివ్ సన్’ పక్కన నిలబెడతారు. నిజమే, లూటీకి దారి లేదు. కానీ ఆ వీధి ప్రకృతి తయారుచేసింది కాదు, తెల్లవాళ్ళు తయారుచేసింది అని లూటీయే గ్రహిస్తుంది. అద్దె ఎంతో, ఎవరికి పోతుందో, నల్ల మగవాడికి పనెందుకు దొరకదో, నల్ల స్త్రీకి ఇంటిపనే ఎందుకు దొరుకుతుందో నవల లెక్కగట్టి చెబుతుంది. విధికి ఇక్కడ చిరునామా ఉంది.

రెబెకా నుంచి పెట్రీ దాకా ఈ వరస పెట్టి చూస్తే నాకు కనిపించేది ఇది. దుర్భరమైన బతుకుని దాచకుండా రాయడంలో స్త్రీలు వెనకబడింది లేదు, మొదటి అడుగు వాళ్ళదే. తేడా, ఆ బతుక్కి కారణం చెప్పడంలో ఉంది. పేరున్న సహజవాదం చాలాసార్లు కారణాన్ని రక్తంలోకీ ప్రకృతిలోకీ నెట్టింది. అక్కడికి ఎవరి చేయీ చేరదు, ఎవరినీ నిలదీయలేం. స్త్రీలు అదే కారణాన్ని కొట్టం, మందుచీటీ, అద్దె, కూలి అన్నారు. వీటిని మార్చొచ్చు. అందుకేనేమో వీటిని సాహిత్యమనడానికి అంత కాలం పట్టింది.

ఇప్పుడు నేను క్లాసులో ‘మెక్‌టీగ్’ చెప్పేటప్పుడు ముందుగా బోర్డు మీద సారా కాలిన్స్ పేరు రాస్తాను. ఆమె చేసే పని రాస్తాను. ఆమె ఇవ్వనన్నదేమిటో రాస్తాను. తర్వాతే నవల తెరుస్తాం.